నాలుగో కుర్చీ మీద వార్తాపత్రికలు

అక్టోబర్ 3, సోమవారం

వదాద్ పుస్తకం వచ్చింది. బేరూత్ నుంచి అట్టపెట్టెలో ఇరవై కాపీలు. సరిగ్గా జనరేటర్ ఆపిన వేళకు రావడంతో లిఫ్ట్ లేదు. నర్సు రావియా ఆ పెట్టెను మూడో అంతస్తు దాకా మోసింది, మెట్టుకొక తిట్టు చొప్పున.

డెబ్బై ఆరేళ్ళకు మొదటి నవల! ముప్పై ఏళ్ళు మా మీనా ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకు గొట్టాలు తగిలించుకుని ఊరందరికీ లైన్లు కలిపిన మనిషి. అప్పుడు విన్నదంతా మింగింది, ఇప్పుడు కక్కింది అని ఉమ్మ్ ఫౌజీ వ్యాఖ్యానం. నవల పేరు 'సముద్రం కనిపించని గదులు'. అంటే ఈ వృద్ధాశ్రమంలో రోడ్డు వైపు గదులు. అంటే మేమే. పేర్లు మార్చిందట. పేర్లు మారిస్తే మనుషులు మారతారా?

రేపటి నుంచి సాయంత్రం టీ వేళ హాల్లో ఉస్తాద్ మునీర్ చదివి వినిపిస్తాడు. నలభై ఏళ్ళు బళ్ళో వ్యాకరణం చెప్పినవాడు, ఆ అవకాశం ఇంకొకడికి ఎందుకు వదులుతాడు.

నాకేం ఆత్రం లేదు. వదాద్, మునీర్, ఉమ్మ్ ఫౌజీ, నేను ఆరేళ్ళుగా రోజూ పొద్దున ఒకే బల్ల దగ్గర తింటున్నాం. నా గురించి ఏం రాసి ఉంటుందో ఊహించగలను. పడవల మీద పేర్లు రాసే పెయింటర్ అని, ఎనభై దాటినా చెయ్యి వణకదని. కాస్త కోపిష్టి అని కూడా రాసి ఉంటుంది. రాయనీ.

అక్టోబర్ 4

మొదటి అధ్యాయంలోనే ఉమ్మ్ ఫౌజీ దొరికిపోయింది. షుగర్ ఉండి కూడా మేజోడులో బక్లావా మిఠాయి దాచుకునే ముసలమ్మ ఒకతె వచ్చింది కథలో. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఈవిడ లేచి నిలబడింది.

"అది నేను కాదు! నేను మేజోడులో ఎప్పుడు పెట్టానమ్మా? దిండు గలీబులో కదా పెట్టేది!"

"ఓహో, గలీబులోనా?" అంది వెనక నుంచి రావియా.

రావియా వెళ్ళి నాలుగు ముక్కలు పట్టుకొచ్చింది. ఉమ్మ్ ఫౌజీ వదాద్‌ని తిట్టింది, శపించింది, ఆ తర్వాత టీ తాగుతూ, "ఇంతకీ నేను మళ్ళీ ఎన్నో పేజీలో వస్తానే?" అని అడిగింది.

నేను రాలేదు. ఇంకా మొదటి అధ్యాయమే కదా.

అక్టోబర్ 6

ఇవాళ మునీర్ వంతు. ఇమామ్ ప్రసంగంలో తప్పులను పైకే దిద్దే పంతులు గురించి తానే చదవాల్సి వచ్చింది. మధ్యలో ఆగాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆ వాక్యం మనసులో మళ్ళీ చదువుకున్నాడు. "దోషం లేదు" అని పేజీ తిప్పాడు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. వదాద్ నావైపు మాత్రం చూడలేదు.

అక్టోబర్ 7, శుక్రవారం

సుహైల్ ఫోన్ చేశాడు. వరండా చివరి ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడాం. ఓడ ఎర్ర సముద్రంలో ఉందట, ఇంజను గదిలో నిలవలేనంత వేడట. మూడో ఇంజనీరు నుంచి రెండో ఇంజనీరు అయ్యాడు.

ప్రతి శుక్రవారంలాగే ఉమ్మ్ ఫౌజీ అడిగింది. "మీవాడెలా ఉన్నాడయ్యా, అబూ సుహైల్?"

చెప్పాను. "అల్లా చల్లగా చూడాలి" అంది.

నన్ను తౌఫీఖ్ అని పిలిచేది నా భార్య నుహాద్ ఒక్కతే. ఆమె పోయాక ఆ పేరు ఆసుపత్రి చీటీల మీద మాత్రం మిగిలింది. అందరికీ నేను అబూ సుహైల్ని, సుహైల్ వాళ్ళ నాన్నని. రావియాకి హాజీని, మక్కా ముఖం చూడకపోయినా. బిరుదులివ్వడంలో మా ఊరు పిసినారి కాదు.

అక్టోబర్ 9

ఇవాళ కూడా నేను రాలేదు.

అక్టోబర్ 11

ఇవాళ పొద్దుటి ఫలహారం బల్ల గురించి చదివాడు. మా బల్లే. కిటికీ పక్కన, ఒక కాలు పొట్టిది, దాని కింద మడత పెట్టిన అట్టముక్క. ఆ అట్టముక్క పెట్టింది నేను. కథలో ఆ బల్ల దగ్గర ముగ్గురే కూర్చుంటారు. నాలుగో కుర్చీ మీద పాత వార్తాపత్రికలు పెట్టి ఉంటాయి.

మునీర్ ఆ వాక్యం దగ్గర ఆగలేదు. వ్యాకరణ దోషం లేదు కాబోలు.

అక్టోబర్ 12

హాల్లో నుంచి ఒక కాపీ తెచ్చుకుని, భూతద్దంతో చివరి పేజీ దాకా నేనే చదివేశాను. కళ్ళు మండుతున్నాయి.

అందులో తోటమాలి ఉన్నాడు. ఆగిపోయే లిఫ్ట్ ఉంది. వంటింటి పిల్లి రెండు పేజీలుంది, దాని ఈనడంతో సహా. ఇక్కడ ఎనిమిది రోజులుండి పోయిన హల్బా ఊరి ముసలాయన ఉన్నాడు, ఆయన పేరు కూడా మాకెవరికీ సరిగ్గా తెలియదు. నేను లేను. నేను ఉండాల్సిన చోటల్లా ఒక ఖాళీ ఉంది. కుర్చీ అన్నాక ఎవరో ఒకరు కూర్చోవాలి కదా అని పేపర్లు పెట్టింది.

నాకు బాధ లేదు. కథల్లో ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

అక్టోబర్ 14, శుక్రవారం

బల్ల మారాను. వంటింటి గోడ పక్కన చిన్న బల్ల దగ్గర ఒక్కణ్ణే తిన్నాను. ఇక్కడ గాలి బాగా వస్తుంది.

ఉమ్మ్ ఫౌజీ ఊరుకుంటుందా. హాలు అవతల నుంచి కేకేసింది. "ఏవయ్యా అబూ సుహైల్, పుస్తకంలోనే లేవనుకున్నా, బల్ల దగ్గర కూడా లేవేం? వదాద్ నిన్ను ఎత్తి సముద్రంలో పడేసిందా ఏంటి?"

అందరూ నవ్వారు. వదాద్ నవ్వలేదు. ఆవిడ నవ్వి ఉంటే బాగుండేది, నాలుగు దులిపేసేవాణ్ణి.

సుహైల్‌తో ఇవాళ రెండే నిమిషాలు.

అక్టోబర్ 17

పొద్దున రావియా వచ్చి నా ముందు నిలబడింది.

"హాజీ, వదాదమ్మ మూడు రోజుల నుంచి గుడ్డు అలాగే వదిలేస్తోంది."

"అయితే?"

"అయితే ఏంటి, మణికట్లు లేవవు కదా ఆవిడకి. ఒలుచుకోలేకపోతోంది. రోజూ మీరే కదా ఒలిచిపెట్టేది."

"పుస్తకం రాయడానికి లేచిన చేతులు గుడ్డు ఒలవడానికి లేవవా?" అన్నాను.

రావియా ఏదో అనబోయి మానేసింది. అనకుండా పోవడం ఆ అమ్మాయికి అలవాటు లేదు.

అక్టోబర్ 20, గురువారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

ఇవాళ ట్రిపోలీ నుంచి పుస్తకాల షాపతను, కాలేజీ ఆడపిల్లలు పదిమంది వచ్చారు. హాల్లో కుర్చీలు వేశారు. వదాద్ నీలం గౌను వేసుకుని మధ్యలో కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కరే ప్రశ్నలడిగారు. పొట్టిజుట్టు అమ్మాయి ఒకతె అడిగింది, "పిల్లల కోసం ఎదురుచూసే తల్లి బాధ అంత బాగా ఎలా రాశారండీ?" అని.

"విని రాశానమ్మా. ఇక్కడ అందరూ చెబుతుంటారు, నేను వింటుంటాను" అంది.

నేను ఎందుకు లేచానో తెలియదు. లేచాను.

"విని రాస్తే అంతే ఉంటుంది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషికి, ఒక్క బిడ్డనీ కనని మనిషికి, కన్నవాళ్ళ కడుపుకోత ఏం తెలుస్తుంది? నన్నడగండి చెబుతా. కొడుకును సముద్రం మీద వదిలేసి కూర్చున్నవాణ్ణి నేను."

ఉమ్మ్ ఫౌజీ తల వంచుకుంది. ఆవిడ తల వంచుకోవడం నేను ఆరేళ్ళలో చూడలేదు. వదాద్ నావైపు చూసింది. పుస్తకం వచ్చిన తర్వాత మొదటిసారి నిండుగా చూసింది.

"నిజమే, అబూ సుహైల్" అంది. "ఆ బాధ మీకు తెలిసినంత నాకు తెలీదు."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. వెతికాను, లేదు. పొట్టిజుట్టు అమ్మాయి నాకు కుర్చీ జరిపింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం.

అక్టోబర్ 21, శుక్రవారం

ఆవిడకు తెలుసు.

ఇవాళ ఫోన్ దగ్గరికి వెళ్ళలేదు.

అక్టోబర్ 22

ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఇందులో కూడా 'సుహైల్ ఫోన్ చేశాడు' అని రాశాను. వెనక్కి తిప్పి చూసుకున్నాను. నా చేతిరాతే. ఎవరి కోసం రాశాను?

సుహైల్ లేడు. ఎప్పుడూ లేడు.

మా ఊళ్ళో నలభై వచ్చిన మగవాణ్ణి ఒట్టి పేరుతో పిలవడం మర్యాద కాదు. ఫలానావాడి తండ్రి అనాలి. పిల్లలు లేకపోతే ఊరే ఒక కొడుకు పేరు తగిలిస్తుంది. మాకు పెళ్ళయి అప్పటికి పద్నాలుగేళ్ళు. రేవు పక్కన టీ బడ్డీలో ఒకరోజు చేపల పడవల వాళ్ళంతా చేరి, "తౌఫీఖ్ అంటూ ఎన్నాళ్ళు పిలుస్తాంరా, మా పడవలకన్నీ నువ్వు పేర్లు పెడతావు, నీకు మేం పెడతాం" అన్నారు. నావికులు చూసుకునే చుక్క పేరు పెట్టారు. ఆలి ఉంది, చూలు లేదు, కొడుకు పేరు సుహైల్.

ఇంటికొచ్చి చెబితే నుహాద్ ఆ సాయంత్రం ఏడ్చింది. వారం తర్వాత భోజనం దగ్గర ఉన్నట్టుండి, "మీవాడు ఇవాళ కూడా ముల్లంగి ముట్టుకోలేదు" అంది. ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాం. అలా మొదలైంది. వాడికి తట్టు పోసింది. లెక్కల్లో తప్పాడు. మీసాలొచ్చాయి, నాతో ఎదురు తిరిగాడు, నుహాద్ వాడి పక్షం పట్టింది. బయట ఎవరికీ తెలియదు, మా ఇంట్లోనే పెరిగాడు. ఓడ ఎక్కించింది కూడా నుహాదే. "ఇక్కడే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు చూపించమంటారు. సముద్రం మీదికి పంపేద్దాం" అంది. పంపాక రెండు రోజులు నిజంగానే దిగులు పడింది.

ఆమె పోయాక నేనిక్కడికి వచ్చాను. ఆఫీసులో గుమాస్తా కాగితం నింపుతూ, "అబూ సుహైల్ గారూ, అంటే అబ్బాయి పేరు సుహైల్. ఏం చేస్తుంటాడు?" అన్నాడు. కొడుకున్నాడా అని అడగలేదు, రాసేసుకున్నాడు. ఓడలో ఇంజనీరు అన్నాను. నుహాద్ చెప్పిన ఉద్యోగమే. కాదని ఎలా చెప్పను? అలా చెబితే వాడి గురించి తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే మిగిలేవాణ్ణి.

అలాంటివాణ్ణి నేను, వదాద్‌ని పట్టుకుని పిల్లల్ని కనలేదని అన్నాను. పదిమంది ముందు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అక్టోబర్ 25

మూడు రోజులు ఆవిడ గది ముందు నుంచి అటూ ఇటూ తిరిగి, ఇవాళ తలుపు కొట్టాను.

"రండి. ఆ పాదాల చప్పుడు ఎప్పుడాగుతుందా అని చూస్తున్నా" అంది.

క్షమించమన్నాను. చెయ్యి ఊపేసింది. నేను కూర్చున్నాక, "మీకు ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగాను.

"మీరొచ్చిన మొదటి నెలలోనే. ముప్పై ఏళ్ళు లైన్లు కలిపినదాన్ని, అబూ సుహైల్. అవతల మనిషి ఉన్నాడో లేడో మాట్లాడేవాళ్ళ భుజాలు చూస్తే తెలిసిపోతుంది."

"మరి నన్నెందుకు రాయలేదు?"

"రాశాను" అంది.

మంచం పక్క సొరుగు తీయమంది. పన్నెండు కాగితాలు. అచ్చువేసేవాడు పుస్తకం మొత్తంలో అదే బాగుందన్నాడట. పంపిన తర్వాత మనసొప్పక వెనక్కి తెప్పించుకుందట.

"మిమ్మల్ని రాయాలంటే అబ్బాయిని రాయాలి. ఉన్నాడని రాస్తే నా కలం ఒప్పుకోదు. లేడని రాస్తే రేపు మీరు ఆ బల్ల దగ్గర ఎలా కూర్చుంటారు? అందుకే ఆ పేపర్లు పెట్టా. అదొక్కటే పుస్తకంలో నేనాడిన అబద్ధం."

కాగితాల అంచులు సరిచేశాను.

"రెండోసారి అచ్చు వేస్తున్నారు. ఇది కలపమని వాడు ప్రాణం తీస్తున్నాడు. తీసుకెళ్ళి చదవండి. వద్దంటే చింపేయండి, నా దగ్గర వేరే కాపీ లేదు."

అక్టోబర్ 27

రెండు రోజులుగా ఆ కాగితాలు దిండు కింద ఉన్నాయి. ఒప్పుకుంటే పుస్తకంలో నేనుంటాను, సుహైల్ ఉండడు. వద్దంటే సుహైల్ ఉంటాడు, నా కుర్చీలో పేపర్లుంటాయి.

ఇవాళ చదివాను. పెంకు ముక్క ఒక్కటి కూడా మిగలకుండా గుడ్డు ఒలిచి, ఎదుటి మనిషి ప్లేటులో పెట్టి, తాను పెట్టనట్టే కిటికీలోంచి చూసే ముసలివాడు ఉన్నాడు అందులో. నేను అలా చూస్తానని నాకు తెలియదు. అతను శుక్రవారం ఫోన్ దగ్గర నిలబడతాడు. తిన్నావా అంటాడు, ఉక్కగా ఉందా అంటాడు, మెట్ల మీద జాగ్రత్త అంటాడు. ఇంటికెప్పుడొస్తావు అని మాత్రం ఎన్నడూ అడగడు. అని రాసింది.

నిజమే. ఎన్నడూ అడగలేదు.

కాగితాలు తిరిగి ఇచ్చి, "వేసుకోండి" అన్నాను. "కానీ పుస్తకం కంటే ముందు నేనే చెబుతాను వాళ్ళకి."

అక్టోబర్ 28, శుక్రవారం

పాత బల్ల దగ్గర కూర్చున్నాను. వదాద్ గుడ్డు ఒలిచాను. ఆలివ్‌లు, లబ్నే పెరుగు, రొట్టె అటూ ఇటూ జరిగాయి. ఆ తర్వాత ఉమ్మ్ ఫౌజీ అడగనే అడిగింది.

"మీవాడెలా ఉన్నాడయ్యా, అబూ సుహైల్?"

"నాకు కొడుకు లేడు" అన్నాను. "ఎప్పుడూ లేడు. పేరొక్కటే."

మునీర్ చెంచా కింద పెట్టాడు. ఉమ్మ్ ఫౌజీ నా ముఖంలోకి చూసి నిట్టూర్చింది.

"తెలుసులేవయ్యా" అంది. "ఆ వరండా ఫోను తీగ తెగి ఐదేళ్ళయింది. మా అందరికీ తెలుసు. మొదట్లో నవ్వుకున్నాం, అబద్ధమెందుకు. తర్వాత తర్వాత అలవాటైపోయాడు. మొన్న రెండో ఇంజనీరు అయ్యాడన్నావు చూడు, నాకు నిజంగానే సంతోషమేసింది. నా కొడుకు ఫౌజీ ఉద్యోగం ఎక్కినప్పుడు కూడా అంత సంతోషపడలేదు."

"తాను అడిగితే మీ ముఖం వెలుగుతుందని ఈవిడ శుక్రవారం మర్చిపోకుండా గోడ మీద గీత పెట్టుకునేది" అన్నాడు మునీర్.

"నువ్వు నోర్ముయ్, పంతులూ" అంది ఉమ్మ్ ఫౌజీ. తర్వాత నా వైపు తిరిగి, మామూలుగానే అడిగింది. "మరి ఇకమీద నిన్నేమని పిలవాలి?"

తౌఫీఖ్ అనమందామంటే ఆ పేరు నుహాద్‌ది.

నవంబర్ 2

నన్నెవరూ ఏమీ అని పిలవడం లేదు. 'ఇదిగో' అంటున్నారు. 'విన్నారా' అంటున్నారు. కావాలని కాదు, నోరు తిరగడం లేదు.

నవంబర్ 4, శుక్రవారం

ఎవరూ అడగలేదు.

పొద్దున బల్ల దగ్గర వాన గురించి మాట్లాడారు. మధ్యాహ్నం నమాజు తర్వాత హాల్లో కూర్చున్నాను, ఊరికే. ఉమ్మ్ ఫౌజీ వచ్చి నా పక్కనే కూర్చుని, నోరు తెరిచి, గుర్తొచ్చి మూసుకుంది. అబద్ధమైతేనేం, వారానికొకసారి వాడు ఈ హాల్లోకి వచ్చి పోయేవాడు. నలభై ఏళ్ళు పెంచినవాణ్ణి ఒక్క మాటతో చంపుకున్నాను. నిజం చెబితే బరువు దిగుతుందంటారు. ఎవరికి దిగుతుందో.

గదిలోకి వచ్చి మంచం మీద కూర్చున్నాను. మూడున్నరకు తలుపు చప్పుడైంది. వదాద్. తల నుంచి కాళ్ళ దాకా నల్లబట్టలు. వెనక రావియా ఒక పళ్ళెంలో చిన్న కాఫీ కూజా, పిడుల్లేని రెండు కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

వదాద్ రెండు చేతులతో కూజా పట్టుకుని తానే పోసింది. కొంచెం ఒలికింది. నేను సాయం చేయబోతే కళ్ళతోనే వద్దంది. నోట్లో పోసుకున్నాను. చక్కెర లేదు, కటిక చేదు. చావు జరిగిన ఇంట్లో పోసే కాఫీ.

ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, పరామర్శకు వచ్చినవాళ్ళు అనే మాట అంది. "పోయినవాడి ఆయుష్షు మీకు కలవాలి, అబూ సుహైల్."

కొడుకు పోయినా తండ్రి పేరు పోదు మా ఊళ్ళో. నేను ఆ సంగతి మర్చిపోయాను.

జవాబుగా అనాల్సిన మాట నాకు తెలుసు, వందసార్లు విన్నాను. అనబోయాను. ఏడ్చాను. నుహాద్ పోయినప్పుడు కూడా ఇలా ఏడవలేదు. ఆవిడ ఓదార్చలేదు, తల వంచుకుని కాఫీ తాగింది. కప్పు కింద పెట్టి అడిగింది.

"ఎన్నేళ్ళు వాడికి?"

"మార్చి వస్తే నలభై ఒకటి నిండేవి."

"చిన్నవాడే, పాపం" అంది.